ఎడమ వైపు అమ్మాయి

జాయిస్ జగ్గయ్యపేట డిగ్రీ కాలేజీలో చేరేనాటికి పత్తి తీతలు సగమయ్యాయి. ఆమెది కంచికచర్ల. నాన్న జ్ఞానయ్య బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. చదువుకునే రోజుల్లో ఆమె యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరుగా ఆడింది. మోకాలి చిప్ప తప్పి ఆట ఆగిపోయాక, విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు డ్రిల్లు చేయిస్తూ ఏళ్లు గడిపింది. నిజమైన జట్టు ఒకటి చేతికి రావాలని ఎప్పటినుంచో కోరిక. అందుకే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ కావాలని తెలియగానే ఉన్న ఉద్యోగం మానేసి వచ్చేసింది.

ఇంతకుముందు కోచ్ శాంతికుమార్ సంవత్సరం మధ్యలో వెళ్లిపోయాడని ప్రిన్సిపాల్ భవానీప్రసాద్ చెప్పాడు. కారణం అడిగితే, ఆరోగ్యం బాగాలేదన్నారండి అని కిటికీ వైపు చూశాడు.

మొదటి రోజు సాయంత్రం జాయిస్ అమ్మాయిలను కబడ్డీ కుర్రాళ్ల మీద ఆడించింది. జట్టులో సరిగ్గా పదకొండు మందే ఉన్నారు, మార్చడానికి పైన ఎవరూ లేరు. ఆట బాగానే ఉంది. కానీ ఎడమ వింగ్ ఖాళీగా ఉంది. అందరూ కుడివైపు, నడిమధ్య మూగి ఆడుతున్నారు. అది చాలనట్టు, నడిమధ్య ఆడే కృష్ణప్రియ బంతి దొరికినప్పుడల్లా తల కూడా ఎత్తకుండా ఆ ఖాళీలోకే పాస్ ఇస్తోంది. బంతి గీత దాటి తుమ్మచెట్ల కిందికి పోతోంది. ఎవరో ఒకరు వెళ్లి తెస్తున్నారు. ఒక్కరు కూడా కృష్ణప్రియను ఏమీ అనడంలేదు.

జాయిస్ విజిల్ ఊది, అక్కడ ఎవరున్నారని అటు కొడుతున్నావని అడిగింది. కృష్ణప్రియ ఎడమ వైపు చూసి, నిద్రలోంచి లేచినదానిలా తడబడింది. గోల్ దగ్గర్నుంచి కెప్టెన్ ఉషశ్రీ నడిచి వచ్చింది. గ్లోవ్స్ తీస్తూ మెల్లగా చెప్పింది.

"అది గ్రేసీ ప్లేసు మేడమ్. అలవాటైపోయింది."

గ్రేసీది పెనుగంచిప్రోలు. కిందటేడు వానాకాలంలో మున్నేరు పొంగినప్పుడు ఒడ్డున కట్టేసిన గేదెల్ని విప్పడానికి వెళ్లింది. గేదెలు ఇంటికొచ్చాయి, ఆ పిల్ల రాలేదు. వరద తీశాక కృష్ణలో కలిసేదాకా వెతికారు. ఏమీ దొరకలేదు. అంతటి ఎడమ కాలు ఈ చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ లేదని చెబుతుంటే ఉషశ్రీ కళ్లలో నీళ్లు తిరగలేదు. ఊళ్లో ఉన్న మనిషి గురించి చెప్పినట్టే చెప్పింది.

జాయిస్ ఆ చోటు నీహారికకు ఇచ్చింది. రెడ్డిగూడెం నుంచి ఈ ఏడే వచ్చి చేరిన ఫస్టియర్ పిల్ల. లేడిలా పరిగెత్తుతుంది. గ్రేసీని ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఆ బాధ కూడా ఉండదనుకుంది జాయిస్.

డిసెంబరులో లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్ కంచికచర్ల కాలేజీతో, సొంత గ్రౌండులోనే. ఆ పొద్దున నీహారికకు జ్వరం తగిలి రాలేదు. చేసేదిలేక పదిమందితోనే దిగారు.

ఆట మొదలైన కాసేపటికి కృష్ణప్రియ మళ్లీ అదే పని చేసింది. బంతి ఖాళీగా ఉన్న ఎడమ మూలకు దొర్లుకుంటూ పోయింది. జాయిస్ నుదురు కొట్టుకోబోయి ఆగిపోయింది. గీతకు జానెడు ఇవతల బంతి నెమ్మదించింది. ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత లోపలికి తిరిగి, గోల్ ముందు పరిగెత్తుతున్న పిల్ల కాళ్ల దగ్గరికి వచ్చి చేరింది. గోల్ అయింది. అమ్మాయిలు ఒకళ్లనొకళ్లు కౌగిలించుకుని, ఎడమ మూలకేసి చేతులెత్తి ఊపారు.

గాలికో ఎత్తుపల్లాలకో అలా జరిగి ఉంటుందని జాయిస్ సర్దిచెప్పుకుంది. మ్యాచ్ గెలిచాక అటు నడిచి వెళ్లి బంతిని అదే చోట వదిలి చూసింది. అది బయటికే దొర్లింది. పల్లం అటువైపే ఉంది. చుట్టూ నేల పొడిగా, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పట్టి తెల్లగా ఉంటే, ఆ మూల గడ్డి మాత్రం అప్పుడే నీళ్లు చల్లినట్టు తడిగా ఉంది.

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. కంచికచర్ల జట్టులో ఆ వైపు కాపు కాసిన రైట్ బ్యాక్, రెండు జడల పొడుగాటి అమ్మాయి. షేక్‌హ్యాండ్ ఇచ్చి, మీవాళ్లు బాగా ఆడారు మేడమ్ అంది. వెళ్లబోతూ ఆగింది.

"మీ ఎడమ వైపు అమ్మాయి పేరేంటి మేడమ్? ఆటంతా పక్కనే ఉన్నా. ఎంత పలకరించినా ఒక్క మాట మాట్లాడదు."

గ్రేసీ అని జాయిస్ నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆ పిల్ల తలూపి, తన జట్టు దగ్గరికి పరిగెత్తింది.

గీత పక్కన, ఎండలో, ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. భుజాన తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా. మిరపచేలల్లో పనిచేసేవాళ్ల చేతులకుండే ఎరుపు ఆమె గోళ్లల్లో ఉంది. ఎవరని అడిగితే గ్రేసీ వాళ్లమ్మ బేబి అని ఉషశ్రీ చెప్పింది. ప్రతి మ్యాచ్‌కూ వస్తుందట. గ్రేసీ పోయినప్పటినుంచీ ఒక్కటీ తప్పలేదట.

జాయిస్ దగ్గరికి వెళ్లి పలకరించింది. బేబి నవ్వింది. ఇవాళ దుమ్ము ఎక్కువ లేచిందని, పిల్లలు దాహంతో అలిసిపోయారని అంది. తర్వాత ఎడమ మూలకేసి చూస్తూ, "ఇయ్యాల బాగా ఆడింది గదమ్మా," అంది.

ఆ సాయంత్రం జాయిస్ శాంతికుమార్‌కు ఫోన్ చేసింది. ఆ చోట్లో ఎవరినీ పెట్టకండి మేడమ్, పెట్టనంతకాలం గెలుస్తారు, అన్నాడు. మరి మీరెందుకు వెళ్లిపోయారని అడిగింది. గెలుస్తున్నందుకే భయమేసిందండి అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టకపోతే గెలుస్తారన్నది నిజమే. సంక్రాంతి సెలవుల్లోపు ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచారు. నీహారికకు జ్వరం తగ్గింది కానీ నీరసం తగ్గలేదని జాయిస్ ఆమెను బయటే కూర్చోబెట్టింది. అది సాకు అని తనకు తెలుసు. ఏళ్లతరబడి ఎవరూ గుర్తుపట్టని డ్రిల్లు టీచరుగా బతికిన మనిషి. ఇప్పుడు బజారులో మందుల షాపతను లేచి నిలబడి నమస్కారం పెడుతున్నాడు. ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో చప్పట్లు కొట్టించాడు. ఎడమ వైపు ఏం జరుగుతోందో చూడకుండా కుడివైపు చూస్తూ కోచింగ్ చేయడం ఆమె నేర్చుకుంది.

అయినా కొన్ని చూడక తప్పలేదు. అమ్మాయిలు ఆటలో ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం మానేశారు. అరుపుల్లేవు, కేకల్లేవు. మైదానంలో పదిమంది పరిగెత్తుతుంటే షూల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. మ్యాచ్ అయ్యాక కృష్ణప్రియ జెర్సీ ఎడమ భుజం వైపు తడిసి ఉండేది. చెమటేమో అని జాయిస్ ఒకసారి ముట్టుకుంది. చల్లగా ఉంది, వేళ్లకు ఒండ్రు అంటింది.

జనవరి చివర్లో కాలేజీ గ్రౌండును ఏదో సభ కోసం తీసుకున్నారు. ప్రాక్టీసుకు పెనుగంచిప్రోలు హైస్కూలు గ్రౌండు దొరికింది. పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి ఆటోల్లో వెళ్లేవారు. మున్నేరు ఒడ్డున కాబట్టి అక్కడ మంచు ఆలస్యంగా విడుస్తుంది. ఒకరోజు నీహారిక వచ్చి, ఇంక కూర్చోలేను మేడమ్, ఒంట్లో బాగానే ఉంది, ఆడతాను అని బతిమాలింది. ప్రాక్టీసే కదా అని జాయిస్ ఒప్పుకుంది.

నీహారిక ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. బంతి ఆమె ఎడమ కాలికి అతుక్కుపోయింది. ఆ కాలితో అంతకుముందు పాస్ కూడా సరిగా ఇవ్వలేని పిల్ల. జాయిస్ సంతోషంగా చప్పట్లు కొడుతూ ఉండగానే నీహారిక మూలకు చేరింది, గీత దాటింది, బంతిని వదిలేసింది, కానీ ఆగలేదు. గ్రౌండు చివర కూలిన గోడ మీదుగా పత్తిచేలోకి దిగి, అదే వేగంతో, మంచులోకి వెళ్లిపోయింది.

జాయిస్ కేక వేసింది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. మోకాలు నొప్పి మరిచిపోయి జాయిస్ పరిగెత్తింది. ఎండిన పత్తికట్టె కాళ్లను చీరేసింది. చేను దాటాక ఇసుక, ఇసుక తర్వాత నీళ్లు. నీహారిక నడుంలోతు నీళ్లలో ఉంది. ఇంకా పరిగెత్తాలని చూస్తోంది. జాయిస్ వెనకనుంచి జెర్సీ పట్టి ఒడ్డుకు లాగింది. ఇద్దరూ ఇసుకలో పడ్డారు.

నీహారిక వణుకుతోంది కానీ ఏడవడంలేదు. ఏమైందని అడిగితే నీళ్లకేసి చూస్తూ చెప్పింది.

"పక్కనే పరిగెత్తుతోంది మేడమ్. ఊపిరి వినిపిస్తోంది. నేను ఆగితే తను ఒక్కతే అయిపోతుందనిపించింది."

ఆ రోజు జాయిస్ అమ్మాయిలందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇక ఎవరూ అటు పాస్ ఇవ్వకూడదంది. వాళ్లు తలలు వంచుకుని విన్నారు. చివరికి ఉషశ్రీ లేచి, ఎప్పుడూ ఎదురుచెప్పని పిల్ల, గ్రేసీ ఎవరికీ ఏమీ చేయలేదని, ఆడాలని వస్తోందంతేనని అంది. తనని బయటికి పొమ్మని మేమెలా చెబుతాం మేడమ్ అని అడిగింది. ఈ పిల్లలు ఇంతవరకూ గ్రేసీ కోసం ఒక్కసారి కూడా ఏడవలేదన్న సంగతి అప్పుడు తట్టింది జాయిస్‌కి. ఏడవాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు.

ప్రాక్టీసు ముగిసి ఆటోలు వెళ్లిపోయాక జాయిస్ బేబి ఇంటికి దారి కనుక్కుని వెళ్లింది. చర్చి వెనక వీధిలో రేకుల ఇల్లు. వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటుకు దగ్గొచ్చింది. గోడ మీద గ్రేసీ ఫొటోకు దండ లేదు. పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక కూడా పెట్టలేదట. పాస్టరుగారు ఎన్నిసార్లు అడిగినా, మనిషి దొరక్కుండా కూడిక ఏంటండీ అని బేబి తోసిపుచ్చిందట.

జాయిస్ పొద్దున జరిగింది చెప్పింది. బేబి మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతూ వింది. ఆ పిల్లకు ఏం కాలేదుగా అని మాత్రం అడిగింది.

"ఇంకోసారి ఏం జరుగుతుందో తెలీదమ్మా," అంది జాయిస్. "మీరు పిలిస్తే వస్తుంది. ఇంటికి పిలవండి."

బేబి చెయ్యి ఆగింది.

"నది నాకు గోరంత కూడా తిరిగియ్యలేదు మేడంగారు. ఆ గ్రౌండులోనే నాకు నా పిల్ల ఉన్నట్టు తెలుస్తది. పిలిచాక, ఇంటికొచ్చాక కనపడకపోతే? నేనేడ చూసుకోవాలి?"

జాయిస్ కాసేపు తాను కూడా తాలుకాయలు ఏరి, లేచి వచ్చేసింది.

ఫైనల్ నందిగామలో, ఆ ఊరి కాలేజీ జట్టుతోనే. ఫిబ్రవరి మధ్యాహ్నం, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గ్రౌండుకు ఒకపక్క ప్రహరీ పడిపోయి ఉంది. దాని అవతల హైవే. హైదరాబాదు బస్సులు, సిమెంటు లారీలు ఆగకుండా పోతున్నాయి. రెండో సగంలో ఆ పక్కే తమ ఎడమ వైపు అవుతుందని టాస్ పడ్డాక గానీ జాయిస్ గమనించలేదు.

నీహారిక పేరు పదకొండో మనిషిగా ఇచ్చింది కానీ ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పదిమంది దిగారు. బేబి ఎప్పటిలాగే తువ్వాలుతో, నీళ్ల సీసాతో గీత దగ్గర నిలబడింది.

మొదటి సగంలో బంతి ఎడమ మూలకు పోయి తిరిగొచ్చింది. గోల్. జనం ఈలలు వేశారు. బంతి తిరిగొచ్చిన తీరు ఎవరికీ వింతగా తోచలేదు. నందిగామ రైట్ బ్యాక్, రోజారమణి అనే గుండ్రటి మొహం పిల్ల, ఎవరినో అడ్డుకుంటున్నట్టు అటూ ఇటూ అడుగులు వేస్తోంది. మధ్యమధ్య పక్కకు చూసి నవ్వుతోంది.

రెండో సగానికి వైపులు మారాయి, బేబి కూడా గోడ పక్కకు వచ్చి నిలబడింది. బంతి అవతలి గోల్ దగ్గర ఎక్కడో ఉండగా, రోజారమణి పరుగు మొదలుపెట్టింది. పోటీ పడుతున్నట్టు మెడ ముందుకు చాచి, గీత వెంబడే వచ్చి, మూల జెండా దాటి, పడిపోయిన గోడకేసి. జాయిస్ లేచింది. కానీ తాను చాలా దూరంలో ఉంది. గోడ అవతల లారీ హారన్ వినిపిస్తోంది. రోజారమణి కాలు రాళ్ల మీద పడేటప్పటికి బేబి ఆమెకు అడ్డంగా వెళ్లి రెండు చేతులతో పొదివి పట్టుకుంది. తూలి ఇద్దరూ గోడకు ఆనుకున్నారు. లారీ దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి పోయింది.

రెఫరీ ఆట ఆపాడు. నందిగామ కోచ్ పరుగున వచ్చి ఆ పిల్లను తీసుకెళ్లాడు. కళ్లు తిరిగాయేమో అనుకుని నీళ్లు తాగించారు. బేబి మాత్రం అక్కడే నిలబడి, తన చేతుల్ని చూసుకుంటోంది. జాయిస్ దగ్గరికి వెళ్లేసరికి ఆమె మొహం తెల్లగా పాలిపోయింది.

"ఈ పిల్లకీ ఒక తల్లి ఉంటది గదా," అంది. తువ్వాలు భుజాన సర్దుకుని, "పిలవండి మేడంగారు. మీరు కోచ్. మీరు బయటికి రమ్మంటే అది వింటది. నేనిక్కడ నిలబడతా," అంది.

జాయిస్ నీహారిక చెయ్యి పట్టుకుని లైన్స్‌మన్ దగ్గరికి వెళ్లింది. మార్పు కావాలంది. ఆయన కాగితం చూసుకున్నాడు.

"ఎవరి బదులండీ? మీకు లోపల పదిమందే ఉన్నారు. ఈ అమ్మాయి ఊరికే వెళ్లొచ్చు."

"ఒకరు బయటికి వచ్చేదాకా ఆగమనండి," అంది జాయిస్.

ఆయన విసుక్కోబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. జాయిస్ గీత మీద నిలబడి ఎడమ మూలకు తిరిగింది. ఇన్ని వారాలుగా అటు సూటిగా చూడటం అదే మొదటిసారి. ఖాళీ గడ్డి, దాని మీద ఎండ.

"గ్రేసీ. చాలమ్మా, బాగా ఆడావు. వచ్చెయ్యి. నీ ప్లేసులో నీహారిక ఆడుతుంది."

ఏమీ జరగలేదు. హైవే మీద బండ్లు పోతున్నాయి. జనంలో ఎవరో నవ్వారు. అప్పుడు గోల్ దగ్గర ఉషశ్రీ గ్లోవ్స్ తీసి చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. కృష్ణప్రియ కొట్టింది. ఒక్కొక్కరే పదిమందీ ఎడమ మూలకు తిరిగి, ఆడి అలిసి బయటికి పోయేవాళ్లకు కొట్టినట్టు, ఆగకుండా కొడుతున్నారు. వాళ్ల తలలు మెల్లగా కదిలాయి. నడిచి వస్తున్న మనిషిని చూపుతో వెంబడించినట్టు, మూల నుంచి గీత వెంబడి, బేబి దాకా.

బేబి తువ్వాలు విప్పి రెండు చేతులా చాచి పట్టుకుంది. "రా నాన్నా," అంది. చేతులు ముడిచింది. గాలి లేదు. తువ్వాలు ఆమె చేతుల్లో గుండ్రంగా, నిండుగా నిలిచింది. అంతవరకూ పొడిగా ఉన్న గుడ్డ కొంగులనుంచి నీళ్లు కారడం జాయిస్ చూసింది. లైన్స్‌మన్ కూడా చూశాడు. ఆయన జెండా కిందకు దించి, నీహారికను లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత వాళ్లు ఓడిపోయారు. నందిగామ వరసగా రెండు గోల్స్ కొట్టింది. కృష్ణప్రియ ఎడమ వైపు ఇచ్చిన పాసుల్ని నీహారిక సగం వదిలేసింది, సగం తప్పు కాలితో కొట్టింది. కానీ మైదానంలో గోల వినిపించింది. ఇటు ఇయ్యవే, వెనక చూసుకో, నీహా పరిగెత్తు, అంటూ పిల్లలు గొంతులు పోయేలా అరిచారు. చివరి విజిల్ పడ్డాక ఉషశ్రీ గోల్‌లోనే కూలబడి ఏడ్చింది. మిగతావాళ్లు వెళ్లి ఆమె చుట్టూ చేరి ఏడ్చారు. కప్పు పోయినందుకు ఆడపిల్లలు ఎంత బాధపడుతున్నారో అని నందిగామవాళ్లు జాలిపడ్డారు. జాయిస్ వాళ్లను ఆపలేదు. తాను కూడా బెంచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది.

వ్యాన్ ఎక్కేముందు బేబి కోసం చూసింది. బస్టాండుకు పోయే దారి మొదట్లో నడుస్తూ కనిపించింది. వ్యాన్‌లో చోటుంది రమ్మని పిలిచింది జాయిస్. బేబి ఆగి వెనక్కు తిరిగింది. తడి తువ్వాలు ఆమె భుజాన లేదు, చేతి మీదుగా వేలాడుతోంది. పక్కన ఎవరి భుజం మీదనో వేసి నడిపిస్తున్నట్టు ఎడమ చెయ్యి చాచి, ఎత్తి పట్టుకుని ఉంది.

"వద్దులెండి మేడంగారు. మేమిద్దరం బస్సుకి పోతాం," అంది.

జాయిస్ వ్యాన్ తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది. బేబి మాటలు చెప్పుకుంటూ నెమ్మదిగా, ఇంకొకరి అడుగుకు అడుగు కలుపుతూ, దారి మలుపు తిరిగింది.

మార్చి మొదట్లో పెనుగంచిప్రోలులో గ్రేసీ ఆదరణ కూడిక జరిగింది. జట్టంతా వెళ్లింది. వీధిలో షామియానా వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఉషశ్రీ నాలుగు మాటలు మొదలుపెట్టి, ఏడుస్తూ వచ్చి కూర్చుంది. బేబి అందరికీ తానే భోజనం వడ్డించింది. కొంచెం చిక్కింది కానీ మొహం తేటగా ఉంది. జాయిస్ విస్తరి దగ్గర ఒంగి, ఆ ఫైనల్ రాత్రి నా పక్కన పడుకుందమ్మా, తెల్లారేసరికి లేదు, మంచమంతా తడి, అని గుసగుసగా చెప్పింది. కూర వేస్తూ, ఇంటి నుంచే పోయింది, అది చాలు నాకు, అంది.

ఆమె మళ్లీ మ్యాచ్‌లకు రాలేదు. శాంతికుమార్ ఒకసారి ఫోన్ చేసి ఫైనల్ ఓడిపోయారటగా అని అడిగాడు. అవునండి అంటే, అమ్మయ్య అన్నాడు. నీహారిక ఆ వేసవిలో యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. అక్కడ కుడి వింగ్ అడిగి తీసుకుంది. కాలేజీ గ్రౌండులో మాత్రం జాయిస్ ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడుతుంది. ఎడమ వైపు వెళ్లమన్నప్పుడు గీత దగ్గర ఒక్క నిమిషం ఆగుతుంది. పక్కకు చెవి ఒగ్గి వింటుంది. ఏమీ వినిపించలేదన్నట్టు జాయిస్ వైపు తల అడ్డంగా ఊపి, అప్పుడు లోపలికి పరిగెత్తుతుంది.